ఇటలీ అనీస్ కుకీలు ఇంట్లో చేయడం: గింజ ఎంపిక నుంచి పూత ఆరేదాకా

తెల్లటి పంచదార పూత, దాని మీద ఆవగింజ కన్నా చిన్న రంగు పూసలు, లోపల మెత్తటి ముద్ద. కొరికితే కరకరలాడవు. కేకుకీ బిస్కెట్‌కీ నడుమ ఎక్కడో ఉంటాయి. దక్షిణ ఇటలీలో వీటిని ఊరిని బట్టి అంజినెట్టి అనీ, జినెట్టి అనీ పిలుస్తారు. పండగలకీ, పెళ్లిళ్లకీ చేస్తారు. కొన్ని ఇళ్లలో అనీస్ బదులు నిమ్మ వేస్తారు, కొన్నిచోట్ల రెండూ వేస్తారు. 1880 నుంచి 1920 దాకా అమెరికాకు వలస వెళ్లిన సుమారు 40 లక్షల మంది ఇటాలియన్లలో ఎక్కువమంది దక్షిణాది వాళ్లే. వాళ్ల వెంటే ఈ కుకీ కూడా సముద్రం దాటింది. న్యూజెర్సీలోనో పిట్స్‌బర్గ్‌లోనో ఉంటున్న మనవాళ్లు ఇటాలియన్ బేకరీ అద్దం వెనక చూసేది ఈ రకాన్నే.

చేయడం కష్టం కాదు. పిండి కలపడం వచ్చిన ఎవరికైనా వస్తుంది. అయితే ఈ కుకీ రెండు చోట్ల చెడుతుంది. ఒకటి కొట్లో, అనీస్ అనుకుని సోంపు కొన్నప్పుడు. రెండోది ఓవెన్ ముందు, పైన ఎర్రబడేదాకా ఆగినప్పుడు. ఈ రెండూ సరిగ్గా ఉంటే మిగతా పొరపాట్లను పంచదార పూత కప్పేస్తుంది.

అనీస్ అంటే సోంపు కాదు

తెలుగులో అనీస్‌కి ఇంటింటా వాడే పేరు లేదు. డిక్షనరీ చూసి సోంపు అని అనువాదం చేసుకుంటే పప్పులో కాలేసినట్టే. భోజనం అయ్యాక నోట్లో వేసుకునే సోంపు ఫెనెల్. బిర్యానీలో వేసే నక్షత్రం లాంటి అనాసపువ్వు స్టార్ అనీస్, అది చైనా, వియత్నాం వైపు పెరిగే చెట్టు కాయ. ఇటలీ కుకీలో వేసేది మూడోది. ధనియాలు, జీలకర్ర, వాము, సోంపు ఏ కుటుంబానివో అనీస్ కూడా ఆ కుటుంబానిదే. గింజ సోంపులో సగం పొడవుంటుంది. బూడిద రంగు కలిసిన ఆకుపచ్చ, కాస్త ఉబ్బిన పొట్ట, చివర సన్నటి తొడిమ ముక్క. ఉత్తరాది దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో 'విలాయతి సోంఫ్' పేరుతో దొరుకుతుంది. కొనేటప్పుడు ప్యాకెట్ మీద పేరు కన్నా గింజ ఆకారాన్నే నమ్మండి.

మూడింటికీ వాసన ఒకేలా అనిపించడానికి కారణం అనెథాల్ అనే పదార్థం. అనీస్ నూనెలో చాలా భాగం అదే. సోంపులో దానితోపాటు ఫెంకోన్ అనేది కూడా ఉంటుంది. కర్పూరాన్ని గుర్తుచేసే ఆ కొద్దిపాటి చేదు దానిదే. అందుకే సోంపుతో చేసిన కుకీలో పాన్ షాపు ఛాయ తగులుతుంది. అనాసపువ్వులో తీపి ఉన్నా ఘాటెక్కువ, మన నాలుకకి బిర్యానీ గుర్తొస్తుంది.

అనెథాల్ గురించి రెండు సంగతులు తెలిస్తే సగం వంట వచ్చినట్టే. ఒకటి, అది నీళ్లలో దాదాపు కరగదు. కొవ్వులో, ఆల్కహాల్‌లో కరుగుతుంది. కాబట్టి వాసన వెన్నలోకి ఎక్కాలి. నీళ్లలో గింజలు మరిగించి ఆ నీళ్లు పోస్తే పెద్దగా ప్రయోజనం ఉండదు. రెండు, అది సుమారు 20 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. చలికాలంలో అనీస్ నూనె సీసాలో తెల్లగా గడ్డకడితే పాడైందని పారేయకండి. గోరువెచ్చని నీళ్లలో సీసా నిలబెడితే మళ్లీ కరుగుతుంది.

పిండివంటలో అనీస్ వేయడం ఇటలీకి ఇప్పటి అలవాటు కాదు. క్రీ.పూ. 2వ శతాబ్దానికి చెందిన రోమన్ రచయిత కేటో చెప్పిన ఒక రొట్టెలో గోధుమపిండి, తాజా ద్రాక్షరసం, అనీస్, జీలకర్ర, పంది కొవ్వు, చీజ్ ఉంటాయి. కింద లారెల్ అనే సువాసన చెట్టు ఆకులు పరిచి కాల్చమంటాడు.

ఏ రూపంలో వేయాలి

గింజల పొడి, ఎక్స్‌ట్రాక్ట్ (సీసాలో దొరికే అనీస్ సారం), నూనె, లిక్కర్ (అనీస్ వాసన ఉన్న తీపి మద్యం) అని నాలుగు దారులున్నాయి. పొడి, ఎక్స్‌ట్రాక్ట్ కలిపి వాడడం మంచిది. పొడి నమిలినప్పుడు వాసననిస్తుంది, ఎక్స్‌ట్రాక్ట్ మొత్తం పిండిలో సమంగా పరుచుకుంటుంది. ఒట్టి ఎక్స్‌ట్రాక్ట్‌తో చేస్తే రుచి చదునుగా ఉంటుంది, ఒట్టి పొడితో చేస్తే అక్కడక్కడే తగులుతుంది.

గింజల్ని నూనె లేకుండా సన్న సెగ మీద ఒక్క నిమిషం వెచ్చబెట్టండి. రంగు మారకూడదు, వేలికి వేడి తగిలితే చాలు. చల్లారాక రెసిపీలోని పంచదారలోంచి రెండు చెంచాలు కలిపి మిక్సీలో వేయండి. గింజలు ఒక్కటే వేస్తే అంత తక్కువ మోతాదు బ్లేడుకి అందదు. పంచదార తోడుంటే మెత్తగా నలుగుతుంది, ఊరిన నూనె జార్ గోడలకి అంటుకోకుండా పంచదారే పట్టుకుంటుంది.

అనీస్ నూనె ఎక్స్‌ట్రాక్ట్ కంటే ఎన్నో రెట్లు ఘాటు. చెంచాతో కొలిచే సరుకు కాదది. ఈ మొత్తానికి 4 నుంచి 6 చుక్కలు చాలు. ఎక్కువైతే దగ్గు మందు తాగినట్టుంటుంది, నాలుక కొస మొద్దుబారుతుంది. సీసా మీద ఆహారంలో వాడదగినదని రాసి ఉండాలి. అగరొత్తుల దుకాణంలో, అరోమా థెరపీ కోసం అమ్మేది వంటకి పనికిరాదు.

ఇటలీలో చాలామంది అనీస్ లిక్కర్లైన సాంబూకానో, అనిసెట్టానో రెండు చెంచాలు పోస్తారు. మార్కే ప్రాంతంలోని ఆస్కొలి పిచేనోలో 1870 నుంచి అనిసెట్టా తయారవుతోంది. పిండిలో పోస్తే ఆ మేరకు పాలు తగ్గించాలి. ఆల్కహాల్ వద్దనుకునే ఇళ్లవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: ఎక్స్‌ట్రాక్ట్‌లో కూడా ఆల్కహాల్ ఉంటుంది, పైపూతలో వేసింది ఓవెన్‌లోకి వెళ్లదు. వాళ్లకి మంచి మార్గం వెన్నలోనే వాసన ఎక్కించడం. 130 గ్రాముల వెన్నలో రెండు టీస్పూన్ల కచ్చాపచ్చాగా దంచిన అనీస్ వేసి, అతి సన్న సెగ మీద 10 నిమిషాలు ఉంచండి. నురగ రానివ్వకండి, నెయ్యి కాయడం కాదిది. దించి అరగంట మూతపెట్టి వడకట్టండి. గింజలు కొంత పీల్చుకోగా మిగిలింది 115 గ్రాములు తూచుకోండి. ఇలా చేస్తే ఎక్స్‌ట్రాక్ట్ లేని లోటు దాదాపు తెలియదు.

అనీస్ ఎక్కడా దొరకలేదా? సోంపునే ఒకటిన్నర రెట్లు తీసుకుని, మెత్తగా పొడిచేసి జల్లించి, అనాసపువ్వు పొడి రెండు చిటికెలు కలపండి. బాగుంటుంది. ఇటలీ కుకీ అని మాత్రం అనకండి.

కావలసినవి (20 గ్రాముల ఉండలు 36 దాకా వస్తాయి)

పిండికి:
మైదా 350 గ్రా.
బేకింగ్ పౌడర్ 10 గ్రా. (తలగొట్టిన టీస్పూన్లు రెండున్నర)
ఉప్పు 2 గ్రా. (ఉప్పు వెన్న వాడితే అక్కర్లేదు)
పంచదార 120 గ్రా.
గుడ్లు, పెంకు తీశాక 100 గ్రా.
ఉప్పు లేని వెన్న 115 గ్రా.
పాలు 45 మి.లీ.
అనీస్ పొడి 1 టీస్పూన్ (2 గ్రా.)
అనీస్ ఎక్స్‌ట్రాక్ట్ ఒకటిన్నర టీస్పూన్
ఒక నిమ్మకాయ తొక్క తురుము, పచ్చభాగం మాత్రమే

పైపూతకి:
జల్లించిన ఐసింగ్ షుగర్ 200 గ్రా.
పాలు 25 నుంచి 30 మి.లీ.
నిమ్మరసం 1 టీస్పూన్
అనీస్ ఎక్స్‌ట్రాక్ట్ అర టీస్పూన్
రంగు పూసలు, అంటే కేకుల దుకాణంలో దొరికే గుండ్రటి సన్నవి, 3 చెంచాలు

తూకం గురించి పట్టుదలగా చెప్పడానికి కారణముంది. మైదాని డబ్బాలో కప్పు ముంచి తీస్తే 150 గ్రాములు పడుతుంది, చెంచాతో వదులుగా నింపితే 125. మూడు కప్పులకి తేడా 75 గ్రాములవుతుంది. మెత్తటి కుకీ గట్టి ఉండగా మారడానికి అంత చాలు. గుడ్ల సంగతీ అంతే. అమెరికా రెసిపీల్లో గుడ్డు అంటే పెంకు తీశాక 50 గ్రాములు. మన దగ్గర దొరికే గుడ్డులో చాలాసార్లు 42 నుంచి 45 వస్తుంది. రెండు గుడ్లు కొట్టి తూచి, తక్కువైతే మూడో గుడ్డుని గిలక్కొట్టి చెంచాతో నింపండి. వంద రూపాయల్లో మైదా, పంచదార మళ్లీ కొనుక్కోవచ్చేమో గానీ, చిన్న డిజిటల్ త్రాసు ఒకటి వంటింట్లో ఉంటే మళ్లీ కొనే పని పడదు.

నిమ్మ తొక్క కేవలం అందం కోసం కాదు. గుడ్డు నీచు వాసన పట్టే ఇళ్లలో అదే కాపాడుతుంది. తెల్లభాగం దాకా గీకితే చేదు వస్తుంది, ఆకుపచ్చ పైపొర పోగానే ఆపాలి.

బేకింగ్ పౌడర్ తెరిచి నాలుగు నెలలు దాటితే పరీక్షించండి: పావు గ్లాసు వేడినీళ్లలో అర టీస్పూన్ వేస్తే వెంటనే బుసబుసా పొంగాలి. నీరసంగా నాలుగు బుడగలు వస్తే కొత్తది కొనండి. దాని బదులు వంట సోడా వేయకండి. ఈ పిండిలో సోడాని విరిచేంత పులుపు లేదు. సబ్బు రుచి, పసుపు మచ్చలు ఖాయం.

పిండి కలపడం

వెన్న కరిగించి పక్కన పెట్టండి. వేలు పెడితే వెచ్చగా కూడా అనిపించకూడదు. గుడ్లు, పాలు ఫ్రిజ్‌లోంచి అరగంట ముందే తీసి ఉంచండి. చల్లటి గుడ్లలో కరిగిన వెన్న పోస్తే అక్కడికక్కడే గడ్డలు కడుతుంది, ఆ గడ్డలున్నచోట కుకీ అడుగున జిడ్డు మరకలు పడతాయి.

మైదా, బేకింగ్ పౌడర్, ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించండి. ఒకసారి చాలదా అంటే, బేకింగ్ పౌడర్ ఉండ ఒక్కటి మిగిలినా ఆ కుకీ తిన్నవాళ్ల మొహం చూడాలి.

వెడల్పు గిన్నెలో గుడ్లు, పంచదార (అనీస్‌తో మిక్సీ పట్టిన భాగంతో సహా) వేసి విస్క్‌తో 2, 3 నిమిషాలు గిలక్కొట్టండి. రంగు లేతబడి, పైన నురగ కనిపించాలి. పంచదార పూర్తిగా కరగనక్కర్లేదు. ఇప్పుడు వెన్నని సన్నటి ధారగా పోస్తూ కలపండి. తర్వాత పాలు, ఎక్స్‌ట్రాక్ట్, నిమ్మ తురుము.

మైదా మిశ్రమాన్ని మూడు విడతలుగా వేస్తూ స్పాచ్యులాతో, లేదా చెక్క గరిటెతో అడుగు నుంచి పైకి తిప్పండి. పొడి పిండి కనిపించడం ఆగిన క్షణమే చెయ్యి ఆపేయాలి. చపాతీ పిండిలా మర్దనా చేస్తే మైదాలోని జిగురు సాగుతుంది, కుకీ రబ్బరులా అవుతుంది. ఈ దశలో పిండి చూసి భయం వేస్తుంది. చేతికి అంటుకుంటుంది, ఉండ చేయబోతే జారుతుంది. వడల పిండి కన్నా గట్టిగా, గులాబ్ జామూన్ పిండి కన్నా మెత్తగా ఉంటుంది. సరిగ్గా అలాగే ఉండాలి. ఇంకో గుప్పెడు మైదా వేద్దామనిపిస్తుంది, వేయకండి. గిన్నె మీద మూత పెట్టి ఫ్రిజ్‌లో 45 నిమిషాలు ఉంచండి. మైదా తడి పీల్చుకుంటుంది, వెన్న బిగుస్తుంది, అంటుకునే గుణం తగ్గిపోతుంది. ఈ 45 నిమిషాల ఓపిక లేకే చాలామంది మైదా ఎక్కువ వేసి కుకీని ఎండబెట్టుకుంటారు.

రాత్రంతా ఉంచొచ్చా? ఉంచొచ్చు, పొంగు కాస్త తగ్గుతుంది. ఇంకా ఆలస్యమైతే మాత్రం ఉండలు చేసి ఫ్రీజర్‌లో పెట్టడం మేలు.

ఉండలు, చుట్లు

చేతులకి నూనె తడి చాలు, మైదా అద్దుకోకండి. అద్దిన మైదా పైన తెల్లటి పొరగా ఉండిపోతుంది, పూత దాని మీద నిలవదు. 20 గ్రాముల ముద్ద తీసుకుని, ఒత్తకుండా తేలిగ్గా ఉండ చేయండి. పెద్ద ఉసిరికాయంత అనుకోండి. ఉండ మీద పగుళ్లు లేకుండా చూసుకోండి, చేతిలో పగిలింది ఓవెన్‌లో రెండింతలు పగులుతుంది. బటర్ పేపర్ పరిచిన ట్రేలో రెండు వేళ్ల ఎడం ఇస్తూ పెట్టండి.

చుట్ల ఆకారం కూడా ఉంది. చేగోడీలు చేసే చేతికి ఇది నేర్పనక్కర్లేదు: ముద్దని జానెడు కన్నా కొంచెం తక్కువ పొడవున, చిటికెన వేలంత మందాన తాడులా పేని, కొసలు కలిపి నొక్కాలి, లేదా ఒక్క ముడి వేయాలి. దీనికి మాత్రం పిండిలో అదనంగా 30 గ్రాముల మైదా కలపాలి, లేకపోతే తాడు తెగుతుంది.

కాల్చడం

ఓవెన్ 175 డిగ్రీలకి, కింది పైది రెండు రాడ్లూ వెలిగించి, కనీసం 15 నిమిషాలు వేడెక్కనివ్వండి. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే 160 డిగ్రీలు. ట్రే మధ్య అరలో. సమయం 10 నుంచి 12 నిమిషాలు.

చిన్న ఓటీజీల్లో (బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్లలో) కింది రాడ్ ట్రేకి మరీ దగ్గరగా ఉంటుంది. 8 నిమిషాలకే అడుగు మాడే ఓటీజీ అయితే ఒకే సైజు ట్రేలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టి కాల్చండి. మధ్యలోని గాలి పొర వేడిని ఆపుతుంది. డయల్ మీద రాసిన డిగ్రీలని గుడ్డిగా నమ్మొద్దు, లోపల వేలాడదీసే థర్మామీటర్ పెడితే 20, 25 డిగ్రీల తేడా బయటపడడం మామూలే.

ఎప్పుడు తీయాలన్నదే అసలు విషయం. పైభాగం తెల్లగానే ఉండాలి. ఎర్రబడేదాకా ఆగితే అప్పటికి లోపలి తడంతా పోయినట్టే. 10వ నిమిషంలో ఒక కుకీని చాకు కొసతో ఎత్తి అడుగు చూడండి. లేత గోధుమ రంగు అంచు చుట్టూ ఉంగరంలా మొదలై, మధ్యలో ఇంకా పాలిపోయి ఉంటే ఒక నిమిషం ఆగండి. అడుగంతా బాదం పొట్టు కన్నా లేతగా, సమంగా రంగు తిరిగితే తీసేయండి. పైన వేలితో మెల్లగా నొక్కితే గుంట పడి వెంటనే లేవాలి. గుంట అలాగే ఉండిపోతే ఉడకలేదు.

ట్రే మీదే 3 నిమిషాలు ఉంచి, జాలీ మీదకి మార్చండి. ట్రేలోనే వదిలేస్తే అడుగున ఆవిరి పట్టి తడిగా అవుతుంది, పైగా ట్రే వేడికి ఇంకా ఉడుకుతూనే ఉంటుంది. రెండో విడత పిండిని వేడి ట్రేలో పెట్టకండి. ఓవెన్‌లోకి వెళ్లకముందే వెన్న కరిగి ఉండలు పరుచుకుంటాయి. ట్రేని కుళాయి కింద చల్లబరచి, తుడిచి వాడండి.

పంచదార పూత

ఐసింగ్ షుగర్‌లో నిమ్మరసం, ఎక్స్‌ట్రాక్ట్, 25 మి.లీ. పాలు వేసి ఉండలు లేకుండా కలపండి. చెంచా ఎత్తితే ధార రిబ్బన్‌లా పడి, 8, 10 సెకన్లలో కింది పూతలో కలిసిపోవాలి. ఇంకా గట్టిగా ఉంటే పాలు అర చెంచా కన్నా ఎక్కువ ఒకేసారి పోయకండి. పల్చనైతే సరిచేయడానికి ఒక్క చెంచా పాలకి నాలుగైదు చెంచాల పంచదార ఖర్చవుతుంది.

ఇంట్లో మిక్సీ పట్టిన పంచదార పొడైతే సన్న జల్లెడ పట్టి, ప్రతి 100 గ్రాములకి ఒక టీస్పూన్ కార్న్‌ఫ్లోర్ కలపండి. ఎంత పట్టినా కొంచెం గరుకు మిగులుతుంది, దానికి సిద్ధపడాలి.

కుకీ పూర్తిగా చల్లారాక, తలకిందులుగా పట్టుకుని పైభాగం మాత్రం పూతలో ముంచి, చిన్నగా తిప్పుతూ ఎత్తండి. రెండు సెకన్లు కారనిచ్చి నిటారుగా పెట్టండి. వేడి మీద ముంచితే పూత పల్చబడి అద్దంలా కనిపిస్తుంది, తెల్లదనం రాదు. రంగు పూసలు అర నిమిషంలోపు చల్లాలి. అది దాటితే పూత మీద పొర కడుతుంది, పూసలు దొర్లిపోతాయి. అందుకే నాలుగు ముంచి చల్లడం, మళ్లీ నాలుగు ముంచి చల్లడం. ఇద్దరుంటే పని సాఫీగా సాగుతుంది, పిల్లలకి చల్లే పని అప్పగించొచ్చు. నేపుల్స్‌లో ఈ పూసల్ని దియావులిల్లి, అంటే బుల్లి దయ్యాలు అంటారు. నేల మీద పడ్డాక ఏరడానికి కూర్చుంటే ఆ పేరెందుకో అర్థమవుతుంది. పాన్ షాపు రంగు సోంపుని వీటి బదులు చల్లకండి, పళ్ల కింద రాయిలా తగులుతుంది.

ఆరడానికి పొడి వాతావరణంలో రెండు గంటలు. విశాఖలో, కాకినాడలో, చెన్నైలో వర్షాకాలం అయితే రాత్రంతా పట్టొచ్చు. ఫ్యాన్ దూరంగా, నెమ్మదిగా పెట్టండి. తొందరపడి ఫ్రిజ్‌లో పెడితే బయటికి తీయగానే చెమ్మ పడుతుంది, ఎరుపు, నీలం పూసల రంగు తెల్లటి పూత మీదకి కారుతుంది.

పాత పద్ధతి ఇంకోటుంది. దక్షిణ ఇటలీలో నస్ప్రో అనే పూత పాకంతో చేస్తారు. పంచదార గవ్వలకి పాకం పట్టించేటప్పుడు గరిటెతో తిప్పుతుంటే తెల్లబడి పొరగా కడుతుంది కదా, ఇదీ అదే. 250 గ్రాముల పంచదార, 80 మి.లీ. నీళ్లు, నాలుగు చుక్కల నిమ్మరసం కలిపి తీగపాకం కన్నా కొంచెం ముదరనివ్వాలి, సుమారు 110 డిగ్రీలు. దించి, ఒక నిమిషం ఆగి, చెక్క గరిటెతో గట్టిగా తిప్పితే పాలలా తెల్లబడుతుంది. వెంటనే కుకీల మీద బ్రష్‌తో రాయాలి. గిన్నెలో బిగుసుకుంటే ఒక చెంచా వేడినీళ్లు పోసి సన్న సెగ మీద కదిపితే తిరిగి వస్తుంది. ఐసింగ్ పూతలా ఇది జిగటగా ఉండదు, కొరికితే సన్నగా చిట్లుతుంది. ఉక్కపోత ఊళ్లలో ఇదే త్వరగా ఆరుతుంది. నిజం చెప్పాలంటే ఐసింగ్ పూత కన్నా ఇదే రుచి, కాకపోతే మొదటిసారి చేసేవాళ్లకి సగం గిన్నెలోనే గడ్డకడుతుంది.

చెడితే ఎందుకు చెడింది

*అప్పంలా పరుచుకుపోతే:* పిండి చల్లారలేదు, లేదా ట్రే వేడిగా ఉంది, లేదా ఓవెన్ సరిగా వేడెక్కకముందే పెట్టారు. మిగిలిన పిండిని ఇంకో అరగంట ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ చూడండి. అప్పటికీ పరుచుకుంటే ఒకటి రెండు చెంచాల మైదా తక్కువైనట్టు.

*పైన లోతుగా పగిలితే:* పిండి పొడిగా ఉంది, లేదా ఓవెన్ మరీ వేడి. పైపొర బిగిశాక లోపలిది పొంగి దాన్ని చీలుస్తుంది. సన్నటి గీతలైతే పట్టించుకోవద్దు, పూత కప్పేస్తుంది.

*మర్నాటికి గట్టిపడితే:* ఒక నిమిషం ఎక్కువ కాలింది. గాలి చొరని డబ్బాలో చిన్న బ్రెడ్ ముక్కతోపాటు ఒక రాత్రి ఉంచితే కొంత మెత్తబడతాయి.

*వాసన లేదనిపిస్తే:* ముందు బయటినుంచి వచ్చినవాళ్లకి ఒకటి ఇవ్వండి. గంటసేపు అనీస్ మధ్య నిలబడ్డ ముక్కు ఆ వాసనని పట్టడం మానేస్తుంది. పిండిలో తక్కువైందనుకుని ఎక్స్‌ట్రాక్ట్ మళ్లీ మళ్లీ పోసి పాడుచేసుకునేది ఇక్కడే. పైగా చేసిన రోజు కన్నా మర్నాడు వాసన గుండ్రంగా, సమంగా ఉంటుంది. మర్నాడూ లేకపోతే గింజలు పాతవి.

*పూత పగిలి రాలితే:* మరీ గట్టిగా కలిపారు, లేదా ఫ్యాన్ గాలి సూటిగా తగిలింది.

*గుడ్డు లేకుండా:* 90 గ్రాముల చిక్కటి పెరుగు, పావు టీస్పూన్‌కి కాస్త తక్కువ వంట సోడా, బేకింగ్ పౌడర్ 6 గ్రాములకి తగ్గించి చేయొచ్చు. పెరుగులో పులుపు ఉంటుంది కాబట్టి ఇక్కడ సోడా పనిచేస్తుంది. పొంగు తక్కువ, ముద్ద కొంచెం బిగువు. మూడో రోజుకి పొడిబారతాయి, కాబట్టి సగం మోతాదే చేసుకోండి.

కరకరలాడేవి కావాలంటే

అనీస్ కుకీ అంటే ఇటలీలో మరికొందరికి గుర్తొచ్చేది ఇది కాదు, రెండుసార్లు కాల్చే రకం. మన రస్కుకి దగ్గరి చుట్టం. బిస్కెట్ అనే మాటకి మూలార్థం కూడా రెండుసార్లు కాల్చినదనే. ఇందులో వెన్న ఉండదు. 150 గ్రాముల గుడ్లు, 130 గ్రాముల పంచదార మిక్సర్‌తో 8 నుంచి 10 నిమిషాలు గిలక్కొట్టి, ధార పడితే గుర్తు నిలిచేంత చిక్కబడ్డాక, 170 గ్రాముల మైదా జల్లిస్తూ తేలిగ్గా కలపాలి. ఒక చెంచాడు అనీస్ గింజలు పొడి చేయకుండా అలాగే వేయాలి. పొంగంతా గుడ్ల గాలిదే, బేకింగ్ పౌడర్ అక్కర్లేదు. కాబట్టి మైదా వేశాక గరిటె ఎంత తక్కువ తిప్పితే అంత మంచిది. బ్రెడ్ టిన్నులో 180 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు, పూర్తిగా చల్లారాక రంపపు చాకుతో వేలెడు మందం ముక్కలు, మళ్లీ 150 డిగ్రీల దగ్గర ఒక్కో వైపు 8 నిమిషాలు. వెచ్చగా ఉండగా కోస్తే పొడిపొడిగా రాలుతుంది. తడి లేని డబ్బాలో నెల దాకా ఉంటాయి, టీలో ముంచుకోవడానికి చేసినట్టే ఉంటాయి.

నిల్వ

పూత వేసినవి పూర్తిగా ఆరాకే డబ్బాలో సర్దాలి, వరసకీ వరసకీ మధ్య బటర్ పేపర్ పెట్టాలి. బయట 4, 5 రోజులు బాగుంటాయి. పెళ్లికో పండక్కో ముందే చేసుకోవాలంటే పూత వేయకుండా ఫ్రీజర్‌లో నెల రోజులు ఉంచొచ్చు. తీసినప్పుడు డబ్బా మూత తెరవకుండానే గది వేడికి రానివ్వండి, అప్పుడు చెమ్మ డబ్బా మీద పడుతుంది, కుకీ మీద కాదు. పూత ఆ రోజే వేయండి.